నోరులేని బొమ్మల నేర్పు



ఈ మాసమున మన ముచ్చట పిల్లలు చూచు తెరబొమ్మలను గూర్చినది. "పిల్లియు, ఎలుకయు, కుందేలును గంతులు వేయు బొమ్మలను గూర్చి పెద్దవారు తలపోయవలసిన దేమున్నది?" అని మీలో కొందఱు నవ్వవచ్చును. నేనును మొదట నట్లే యనుకొంటిని. నా యభిప్రాయమును మార్చినది మా వీధిలోని యేడేండ్ల బాలిక యొకతె.

ఆ బిడ్డకు పుట్టుకతోనే వినికిడి లేదు. వేసవి సెలవులలో మిట్టమధ్యాహ్నపుటెండకు వెఱచి వీధిపిల్లలందఱును మా వసారాలో చేరి టీవీలో బొమ్మల చిత్రములు చూచుట పరిపాటి. నేటి చిత్రములలోని జంతువులు క్షణమైనను నోరు మూయవు. ఒకటి పరిహాసమాడును, వేఱొకటి బదులు చెప్పును, పిల్లలు పకపక నవ్వుదురు. ఈ బాలిక మాత్రము తెరను గాక తోడిపిల్లల మొగములను జూచుచుండును. వారు నవ్విన పిమ్మట తానును నవ్వును. ఆమె తల్లి యొకనాడు నాతో, "దీనికి బుద్ధి కాస్త ఆలస్యమండీ వదినగారూ! అందరూ నవ్వేశాక నవ్వుతుంది. బళ్ళో కూడా అదే మాట అన్నారు" అని కన్నుల నీరు పెట్టుకొనెను. ఆ మాట నా మనస్సున ముల్లువలె నాటుకొనెను.

ఆ రాత్రి ఈ సంగతి చెప్పగా మా వారు, "సినిమాకు మాటలు రాకపూర్వము తీసిన బొమ్మల చిత్రములు కలవు. వానిలో నెవరికిని మాటలు లేవు. చూచువారందఱును ఆ బిడ్డతో సమానులే యగుదురు. అవి చూపరాదా?" అనిరి. అవి నూఱేండ్లనాటివి. వానిలో ననేకములు నేడు చేతిఫోనులోనే వెల లేకుండ దొరకుచున్నవి. నడుమ నడుమ ఇంగ్లీషు అక్షరములు కనబడును గాని, అవి చదువకున్నను కథ చాలవఱకు తెలియును. పది మధ్యాహ్నములు పిల్లలకు వానిని చూపి, కొంతసేపు తెరను, కొంతసేపు ఆ బాలిక మొగమును చూచితిని. ఏ జంతువు ఏ గుణముచేత పిల్లల మనస్సున నిలిచినదో, ఏది నిలువలేదో, నాకు తోచినంత మీకు నివేదించుచున్నాను.

ముందుగా ఈ బొమ్మలు కదలు విధమును చెప్పెదను. జంతువు కాలెత్తినట్లు చూపవలెనన్న, కాలు నేలపై నున్నట్లొక బొమ్మ, వెండ్రుకవాసి లేచినట్లొక బొమ్మ, మఱికొంత లేచినట్లొక బొమ్మ, ఇట్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానిని ఫొటో తీసి, సెకనునకు సుమారు 16 చొప్పున తెరపై త్రిప్పవలెను. అప్పుడు మన కన్ను వానిని వేఱువేఱుగా గుర్తింపలేక కదలికగా గ్రహించును. అమెరికాలో విన్సరు మెకే యను వార్తాపత్రికా చిత్రకారుడు 1914లో గెర్టీ యను పెద్ద డైనోసారు బొమ్మ నిట్లే వేలకొలది కాగితములపై వ్రాసెను. అడుగు బొమ్మ పైకి కనబడిన గాని తరువాతి బొమ్మను సరిగా వ్రాయుటకు వీలులేదు. అందుచేత నతడు మిక్కిలి పలుచని కాగితమును వాడెను. దానికి ఇంగ్లీషున బియ్యపు కాగితమని పేరు.

ఆ పేరు వినగానే నాకు మా ఊరి పూతరేకు తలపునకు వచ్చినది. బోర్లించిన కుండ క్రింద ఎండుకొబ్బరాకుల మంట వేసి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను కుండపై నొక్కమాఱు లాగినచో, ఱెప్పపాటులో పొర యేర్పడును. ఎత్తి వెలుగునకు పట్టిన ఆవలి చేయి కనబడును. ఆ కాగితమునకు బియ్యమన్నది పేరునందే గాని నిజముగా బియ్యముతో చేసినది గాదట. మా రేకు మాత్రము నిక్కముగా బియ్యపుదే. ఐనను రెండింటి పనియు నొక్కటే తీరు. ఒక రేకు చేసినవారి నెవరును మెచ్చుకొనరు; వందల రేకులు ఒకే పలుచదనముతో తీసినప్పుడు గాని మిఠాయి కాదు. ఒక బొమ్మ వ్రాసిన చాలదు. వేయి బొమ్మలు ఒకే పోలికతో వ్రాసినప్పుడు గాని జంతువు బ్రదుకదు. మెకే చిత్రమున కొండలును చెట్లును గూడ ప్రతి కాగితముపైనను తిరిగి తిరిగి వ్రాయవలసివచ్చెను. ఆ పని యొక యువకుడు చేసెను. పిమ్మట పారదర్శకమైన సెల్యులాయిడు రేకులపై జంతువును మాత్రము వ్రాసి, వెనుక దృశ్యమును ఒక్కమాఱే వ్రాసికొను పద్ధతి వచ్చి, శ్రమ తగ్గినది.

ఇక గెర్టీ స్వభావమును వినుడు. మెకే నాటకశాలలలో తెర ప్రక్క కొరడా చేతబట్టి నిలిచి దానిని పిలుచుచుండెడివాడు. అది కొండరాళ్ళ చాటునుండి తొంగిచూచి, సిగ్గుపడుచు బయటికి వచ్చును. వంగుమనిన వంగును. కాలెత్తుమనిన నెత్తును. కొంతసేపటికి విసుగెత్తి మాట వినదు. చెట్టును పెరికి తినును. చెఱువులోని నీరంతయు త్రాగును. దారిన వచ్చిన పెద్దయేనుగును తోక పట్టి నీటిలోనికి విసరివేయును. యజమానుడు గద్దింపగా పసిబిడ్డవలె ఏడ్చును. కొండంత దేహము, మూడేండ్ల బిడ్డ మనస్సు! మాటలన్నియు మెకేవే. గెర్టీకి మాట లేదు. ఐనను దానికి ఏమి ఇష్టమో, ఎప్పుడు అలిగినదో, ఎప్పుడు మురిసినదో తెలియనివారు లేరు. అది యేడ్చినప్పుడు మా బాలిక ముందునకు వంగి, ఫోను తెరపై వ్రేలుంచి, దాని కన్నీరు తుడువబోయినది. ఆ దినమున తోడిపిల్లల మొగముల వంక ఆమె యొక్కమాఱైనను చూడలేదు.

రెండవది క్రేజీ క్యాట్ అను పిల్లి. జార్జి హెరిమన్ 1913 నుండి వార్తాపత్రికలో వ్రాసిన బొమ్మల కథలోనిది. దాని తీరు వింతయైనది. ఆ పిల్లి ఇగ్నాట్జ్ అను ఎలుకను ప్రేమించును. ఎలుక దానిని ద్వేషించి తలపై ఇటుక విసరును. పిల్లి ఆ ఇటుకను ప్రేమచిహ్నముగా గ్రహించి మురియును. కుక్క పోలీసువాడై వచ్చి ఎలుకను చెఱసాలకు గొనిపోవును. పిల్లి ఆడుదియో మగదియో కూడ రచయిత తేల్చి చెప్పలేదు. ఇందు లోతైన భావము లేకపోలేదు. తగిలిన దెబ్బను ప్రేమయని సమర్థించుకొను ప్రాణులు మన యిండ్లలోను కలవు గదా! కాని 1916లో దీనిని కదలు చిత్రముగా చేసినప్పుడు ఆ సొగసు చాలవఱకు నశించినది. ఏలన, పత్రికలో ఆ పిల్లి పలుకు విచిత్రమైన పలుకులలోనే దాని మనస్సు ఇమిడియున్నది. పలుకు తీసివేయగా ఇటుక మాత్రము మిగిలినది. 1925 తరువాత తీసిన చిత్రములలో నదియు ఫెలిక్సునకు నకలుగా మాఱిపోయినది. మా పిల్లలు మొదటి ఇటుకకు నవ్విరి. మూడవ ఇటుకకు ఆవులించిరి. మా బాలిక మాత్రము నావైపు తిరిగి, "ఏల కొట్టుచున్నది?" అని చేతితో నడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఇక ఫెలిక్సు. ఈ నల్లపిల్లి నాటి మూగబొమ్మలలో చక్రవర్తి. 1919 నవంబరులో మొదటి చిత్రము వెలువడినది. మూడవ చిత్రమునుండి ఫెలిక్సు అను పేరు వచ్చినది. లాటిన్ భాషలో ఆ మాటకు అదృష్టవంతుడని యర్థము. నల్లపిల్లి యెదురు వచ్చిన కీడని ఆ దేశమునను నమ్మువారు కలరు. అట్టి పిల్లికి అదృష్టవంతుడని పేరు! దేహమంతయు నలుపు చేయుటకు కారణము గూడ సామాన్యమే. గీతలన్నియు శ్రద్ధగా దిద్దుటకంటె నలుపు పూయుట సులభము. వంటయింట తీరిక లేనప్పుడు మనము చేయు ఉపాయముల వంటిదే యిది. అవసరము నుండి అందము పుట్టినది.

ఫెలిక్సునకు ఇల్లు లేదు, ఉద్యోగము లేదు, తఱచుగా ఆకలి. కష్టము రాగానే అతడు చేతులు వెనుకకు కట్టుకొని, తల వంచి, ఇటునుండి అటు, అటునుండి ఇటు పచారు చేయును. అతని తలపై ప్రశ్నార్థకచిహ్నము లేచును. ఉపాయము తోచగానే, తలపై నున్న ఆ చిహ్నమునే పట్టుకొని కొక్కెముగానో, నిచ్చెనగానో వాడుకొనును. తోక ఊడదీసిన అది చేతికఱ్ఱ యగును, గొడుగగును, గాలమగును. మొదటి చిత్రముననే పాటలోని స్వరముల గుర్తులు చక్రముల బండ్లుగా మాఱును. సందేహమే నిచ్చెనయైనదన్న భావము మన కవులకు తోచియుండిన ఎంత సంతోషించెడివారో!

ఈ పిల్లిని తీర్చిదిద్దినవాడు ఆటో మెస్మరు. అతడు అంతకుముందు చార్లీ చాప్లిన్ బొమ్మల చిత్రములకు పనిచేసి, ఆ నటుని నడకను, భుజము కదలికను, చూపును శ్రద్ధగా పరిశీలించెను. ఆ విద్య ఫెలిక్సునకు సంక్రమించినది. 1923లో వచ్చిన చిత్రమున ఫెలిక్సు హాలీవుడ్డునకు పోయి, తోకను చేతికఱ్ఱగా త్రిప్పుచు చాప్లినునే అనుకరించును. చాప్లిను బొమ్మ వచ్చి, నా విద్య దొంగిలించితివని కోపించును. శిష్యుడు గురువును తెరమీదనే ఒప్పుకొన్నట్లయినది. కాని లోకము మెస్మరును చాలకాలము ఎఱుగదు. చిత్రములపై కర్మాగారపు యజమాని పాట్ సల్లివన్ పేరే యుండెడిది. వండినది ఒకరు, వడ్డించి మెప్పు పొందినది వేఱొకరు! ఈ న్యాయము మనకు క్రొత్తది గాదు.

ఫెలిక్సు పచారు చేయుట చూచి మా బాలిక యేమి చేసినదనుకొనుచున్నారు? తక్కిన పిల్లలు ఇంకను "ఏం చేస్తున్నాడు? ఎందుకు తిరుగుతున్నాడు?" అని నన్నడుగుచుండగా, ఆమె తన కణతపై వ్రేలు తాకించి, పిల్లిని చూపి, పకపక నవ్వినది. ఆలోచించుచున్నాడని యర్థము. అందఱికంటె ముందు నవ్వినది ఆమె. అది చూచి తక్కినవారు నవ్విరి. నేను లేచి పోయి ఆమె తల్లిని చేయి పట్టుకొని తీసికొనివచ్చితిని.

నాలుగవది ఆస్వాల్డు అను కుందేలు. 1927లో వాల్ట్ డిస్నీయు, అతని స్నేహితుడైన అబ్ ఐవర్క్సును సృష్టించిరి. మొదట వెలువడిన చిత్రమున ఆస్వాల్డు ట్రాము బండి నడపును. బండి అదుపు తప్పి కొండదిగువకు దొరలునప్పుడు తన కాలినే ఊడదీసి, ముద్దుపెట్టుకొని, అదృష్టమునకై ఒంటికి రాచుకొనును. కుందేలు పాదము శుభమని అచటివారి నమ్మకము. కష్టము వచ్చినప్పుడు కుందేలు తన పాదమునే మ్రొక్కుకొనుట హాస్యము. వేఱొక చిత్రమున నీట తడిసి, తడిబట్టవలె తన దేహమునే పిండుకొనును.

ఫెలిక్సునకును ఆస్వాల్డునకును భేద మిచటనే కలదు. ఫెలిక్సు తోక ఊడును. కాని ఊడుటకు ముందు అతడు ఆలోచించును. ఆస్వాల్డు దేహము రబ్బరు బొమ్మవలె సాగును, ఊడును, మఱల అతుకుకొనును. ఆ వింతయే ప్రధానము. పిల్లలు ఆస్వాల్డును జూచి కేకలు వేసి నవ్విరి. మఱునాడు "ఎవరిని చూపుదును?" అని యడుగగా ఆస్వాల్డు పేరు చెప్పినవారు ఇద్దఱే. వింత కన్నులకు, స్వభావము మనస్సునకు అని నాకు నాడు తోచినది. ఐనను ఆస్వాల్డునకు నేను అన్యాయము చేయరాదు. అతని చురుకుదనమును, ప్రియురాలి యెదుట బడాయిని కాదనలేము. అతనికి లభించిన కాలమే కొంచెము. 1928 వసంతకాలముననే పంపిణీదారుడు అతనిని డిస్నీ చేతినుండి లాగికొనెను. ఆ కుందేలు తిరిగి డిస్నీ సంస్థను చేరుట 2006లో గాని జరుగలేదు. డెబ్బదియెనిమిది సంవత్సరముల వియోగము!

ఆ వియోగము నుండి పుట్టినవాడే మిక్కీ యను ఎలుక. పొడవైన చెవులకు మాఱు గుండ్రని చెవులు, కొంచెపు తోకకు మాఱు సన్నని పొడవు తోక. తక్కిన దేహము ఇంచుమించుగా కుందేలుదే. మొదటి మిక్కీ చిత్రము మూగదియే. 1928 మే నెలలో కొందఱికి చూపగా కొనువారు లేకపోయిరి. ఆ సంవత్సరము నవంబరు 18న ధ్వనితో కూడిన "స్టీమ్‌బోట్ విల్లీ" న్యూయార్కున ప్రదర్శితమై లోకమును జయించెను. ఈనాటి మంచివాడైన మిక్కీని ఎఱిగిన పిల్లలు ఆ తొలి మిక్కీని చూచి నివ్వెఱపోయిరి. మూగచిత్రమున అతడు విమానములో మిన్నీని బలవంతముగా ముద్దుపెట్టుకొనబోవును. ఆమె సమ్మతింపక క్రిందికి దుమికి, తన లోదుస్తులనే గొడుగుగా చేసికొని దిగిపోవును. ఆమె తెగువ నాకు నచ్చినది. ధ్వనిచిత్రమున అతడు పిల్లి తోకను లాగి, జంతువులను పీడించి వాని యఱపులతో సంగీతము చేయును. ఆస్వాల్డు తన దేహమునే బాధించుకొనును. తొలి మిక్కీ ఎదుటివాని దేహమును బాధించును. తల్లులు గుర్తింపవలసిన భేదమిది.

మిక్కీకి ధ్వని కలిసివచ్చినది, ఫెలిక్సునకు శాపమైనది. అతని చిత్రములకు తరువాత ధ్వని అతికించిరి గాని, 1930 నాటికి ఆ తొలివైభవము ముగిసెను. మౌనమే అతని వాక్కు. దానిని తీసికొని శబ్దమిచ్చినచో ఏమి మిగులును?

ఇప్పుడు మన పిల్లులను ఎలుకలను తలంతము. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో అచ్చయినది. నా చిన్నతనమున మా నాయనగారు సాయంకాలములందు దానిని చదివించి అర్థము చెప్పించుచుండిరి. మిత్రలాభమున దీర్ఘకర్ణమను మార్జాలము కలదు. అది ముసలిగ్రద్దను చేరి, తాను వ్రతములు సలుపు సాధువునని నమ్మించి, చెట్టుతొఱ్ఱలోని పక్షిపిల్లలను తిని, నేరము గ్రద్దపై పడునట్లు చేసి తప్పించుకొనును. హిరణ్యకుడను ఎలుక పావురముల వలత్రాళ్ళు కొఱికి, స్నేహధర్మమును బోధించును. ఈ జంతువులకు బలము నోటియందున్నది. దీర్ఘకర్ణము మాట మానినచో దాని కపటమే లేదు. వ్రతము చేయుచున్నానని మాటలేక ఎట్లు అబద్ధమాడును?

ఇది తలచుకొనగా నాకొక సంగతి స్పష్టమైనది. మాటలాడు జంతువు మనస్సులో ఒకటి, పెదవిపై వేఱొకటి పెట్టుకొనగలదు. అందుకే మన కథలలో నీతి బోధించుటకు అది తగినది. మూగజంతువు మనస్సును దాచలేదు. దాని అలుక మెడలో, భయము తోకలో, ఆలోచన నడకలో కనబడును. అందుకే మనస్సును చదువుట నేర్పుటకు అది తగినది. రెండును రెండు విద్యలు. ఒకదాని పనిని రెండవదానిచేత చేయింపబూనిన చెడును. 1921 నుండి పాల్ టెర్రీ యనునతడు ఈసపు కథలని పేరుపెట్టి వారమునకొక మూగచిత్రము తీసి, చివర నీతివాక్యము తగిలించెను. ఆ నీతికిని కథకును తఱచుగా పొత్తు లేదు. అది చూచియే జనులు నవ్విరట. నీతి వచనమున నిమిడినట్లు గంతులలో ఇమడలేదు.

ఈ రెండు విద్యలను కలిపిన కళ మనకు పూర్వమునుండి కలదు. అది తోలుబొమ్మలాట. కాకినాడ చెంతనున్న మాధవపట్నము ఈ కళకు పేరుపొందినది. చర్మమును పలుచగా, వెలుగు దూరునట్లు చేసి, రంగులు వేసి, కీళ్ళు కట్టి, తెల్లని తెరకు వెనుక దీపమునెదుట ఆడింతురు. లంకాదహనమున హనుమంతుని తోక పెరుగుట చూచిన పసివానికి పాట అర్థము కాకున్నను కథ తెలియును. భగవద్భక్తుని పిల్లితో పోల్చుట నా యుద్దేశము గాదు. తోక ఒక్కటే బుద్ధికిని శక్తికిని గుర్తుగా నిలుచు నేర్పు మన కళాకారులకు ఎంతకాలము క్రిందటనే తెలియునో చెప్పుటకే యీ మాట. తెరపై కదలు బొమ్మ మనకు అపరిచితము గాదు.

ఇచట స్త్రీల మాట చెప్పక విడువరాదు. ఆ నీడబొమ్మల పోలికతోనే జర్మనీలో లోటె రైనిగరు అను స్త్రీ నల్లకాగితమును కత్తెరతో కత్తిరించి, కీళ్ళకు తీగలు కట్టి, మూడేండ్లు శ్రమించి 1926లో పూర్తినిడివి చిత్రమును తీసెను. నేడు మిగిలియున్న పూర్తినిడివి బొమ్మల చిత్రములలో నది ప్రాచీనతమము. అందు మాంత్రికుడును మంత్రగత్తెయు జంతురూపములు మార్చుకొనుచు పోరాడు ఘట్టము తప్పక చూడదగినది. అమెరికాలో ఫెలిక్సు చిత్రములను 1922 మొదలు కొన్నేండ్లు ఊరూరికి చేర్చినది మార్గరెట్ వింక్లరు అను యువతి. పేరులేని డిస్నీతో 1923 అక్టోబరులో ఒప్పందము చేసికొని అతనికి నిలువనీడ కల్పించినదియు ఆమెయే. వివాహమైన పిమ్మట ఆ వ్యాపారము భర్తయైన చార్లెస్ మింట్జు చేతికి పోయినది. ఆస్వాల్డును లాగికొన్న పంపిణీదారుడు అతడే! ఆమె చేతిలోనే ఆ వ్యాపారము నిలిచియుండిన కథ యెట్లుండెడిదో యని నాకు తోచక మానదు.

తల్లులకు ఒక హెచ్చరిక. పాతవన్నియు పసిపిల్లలకు తగినవి గావు. నాటి చిత్రములలో నల్లజాతివారిని, పరదేశీయులను వికారముగా చూపుట కలదు. ఫెలిక్సు మొదటి చిత్రము చివర ఆ పిల్లి విరక్తిచెంది విషవాయువు పీల్చి ప్రాణము తీసికొనబోవును. దానిని నేను పిల్లలకు చూపలేదు. కావున ముందు మనము చూచి, పిమ్మట వారికి చూపవలెను. ఫోనును పిల్లల చేతికిచ్చి వంటయింటికి పోవుట మాత్రము వలదు. ప్రక్కన కూర్చుండి చూచినచో, బొమ్మకంటె బిడ్డయే మనకు ఎక్కువ నేర్పును.

ఇక ఆ బాలిక తల్లి మాట. నేను పిలిచి తెచ్చిన నాడు ఆమె గుమ్మమునొద్ద నిలిచి చూచినది. ఫెలిక్సు మరల పచారు చేసెను. బిడ్డ ముందుగా నవ్వెను, పిమ్మట పిల్లలు నవ్విరి. ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు, "ఆలస్యం దానిది కాదండీ వదినగారూ! దానికి చేరేట్టు మనం చెప్పలేదు" అనెను. నేను ఇంత వ్రాసినదాని సారము ఆమె ఒక్క ముక్కలో చెప్పినది.

మూగచిత్రములు చదువునకు బదులు గావు. ఆ బిడ్డకు సంజ్ఞాభాష కావలెను. దానిని ఎఱిగిన ఉపాధ్యాయులు కావలెను. మన దేశమున భారతీయ సంజ్ఞాభాష కలదు. ఆ భాషకై కేంద్రప్రభుత్వము 2015లో ఢిల్లీయందు ప్రత్యేకసంస్థను నెలకొల్పినది. బిడ్డ యొక్కతె నేర్చిన చాలదు; తల్లియు, తోడిపిల్లలును నేర్చిన గాని ఆమెకు మాటలాడువారుండరు. ఆమె తల్లియు నేనును ఫోనులోని పాఠములు చూచి దినమునకు నాలుగేసి సంజ్ఞలు నేర్చుకొనుచున్నాము. మాకంటె పిల్లలే త్వరగా నేర్చుచున్నారు.

ఇప్పుడు మా వసారాలో క్రొత్త యాట యొకటి వెలసినది. ఒకరు నోరు మెదపక ఒక జంతువై నటింపవలెను. తక్కినవారు ఆ జంతువు ఏమి కోరుచున్నదో చెప్పవలెను. ఏ జంతువో చెప్పిన చాలదు. దాని కోరిక చెప్పవలెను. ఈ నియమము పెట్టినది ఆ బాలికయే. మీ యిండ్లలో నాడించి చూడుడు. ఎవరు ముందు చెప్పుదురో, ఎవరి మొగము చూచి ఎవరు నవ్వుదురో గమనింపుడు. మీ వీధిలో ఆలస్యముగా నవ్వు బిడ్డ యుండిన, మీరు చేసిన ప్రయత్నమును నాకు వ్రాయుడు. మీ జాబులను వచ్చు మాసమున ఈ పుటలోనే సోదరీమణులందఱికిని వినిపింతును.

— ఆత్రేయపురము నుండి ఒక సోదరి